ముందు మాట, తర్వాతే కాగితం: చేత్తో గ్రీటింగ్ కార్డు చేయడం ఎలా

చేత్తో కార్డు చేద్దామనుకున్నవాళ్ళలో చాలామంది మొదట బజారుకి వెళ్తారు. మెరుపు కాగితాలు, స్టిక్కర్లు, రంగుల పెన్నులు కొనుక్కొస్తారు. రెండు గంటలు కూర్చుని ముందు పేజీ ముద్దుగా తయారుచేస్తారు. తీరా లోపలి పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఏం రాయాలో తోచదు. “హార్దిక శుభాకాంక్షలు” అని రాసి సంతకం పెట్టేస్తారు. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే చేశాను. అందుకున్నవాళ్ళు బాగుందన్నారు, తర్వాత ఆ కార్డులు ఏమయ్యాయో తెలియదు.

మా అమ్మ బీరువాలో చీరల అడుగున మాత్రం ఒక కార్డు ఇప్పటికీ ఉంది. కార్డు అంటే కార్డు కూడా కాదు, గీతల నోట్‌బుక్కులోంచి చింపి మధ్యకి మడిచిన కాగితం. మా తమ్ముడు ఐదో తరగతిలో ఉండగా అమ్మ పుట్టినరోజుకి ఇచ్చాడు. బొమ్మ లేదు, రంగు లేదు. లోపల ఇలా ఉంటుంది: “అమ్మా, నాకు జ్వరం వచ్చినప్పుడు లైటు వేస్తే నేను లేస్తానని నువ్వు చీకట్లోనే కూర్చున్నావు. నేను చూశాను.” ఆ కాగితం మడత దగ్గర చిరిగితే అమ్మ వెనకనుంచి టేపు అంటించుకుంది.

అందుకే నేనిప్పుడు వరస మార్చాను. ముందు లోపల రాసే మాట తేల్చుకుంటాను. బొమ్మ ఏమిటో, రంగు ఏమిటో ఆ మాటే చెబుతుంది. మా బాబాయి షష్టిపూర్తికి చేసిన కార్డుని ఉదాహరణగా పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చెబుతాను. మీరు ఎవరికి చేసినా, ఏ సందర్భానికి చేసినా పద్ధతి ఇదే.

1. రఫ్ కాగితం మీద పది నిమిషాలు

ఫోన్ పక్కన పెట్టి ఒక రఫ్ కాగితం తీసుకోండి. పైన ఆ మనిషిని మీరు ఏమని పిలుస్తారో రాయండి. తర్వాత ఈ మూడు ప్రశ్నలకి తోచింది తోచినట్టు రాయండి. వాళ్ళు మీకోసం చేసిన ఏ పని గురించి మీరు ఇప్పటిదాకా నోరు తెరిచి చెప్పలేదు? వాళ్ళని తలుచుకోగానే కళ్ళ ముందుకొచ్చే వస్తువు ఏమిటి? ఎప్పుడూ వాళ్ళ నోటివెంట వచ్చే మాట ఏది?

“మంచి మనసు”, “ప్రేమమూర్తి”, “మాకు ఆదర్శం” లాంటివి వస్తే కొట్టేయండి. అవి అబద్ధాలని కాదు. ఎవరికైనా సరిపోతాయి కాబట్టి ఆ మనిషి వాటిలో కనిపించరు. కంటికి కనిపించేదాకా, చేత్తో పట్టుకోగలిగేదాకా వెళ్ళండి. బాబాయి గురించి నా రఫ్ కాగితం మీద వరసగా ఇవి పడ్డాయి:

“నాకోసం ఎంతో చేశావు.” కొట్టేశాను.

“ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు నెలనెలా వచ్చేవాడివి.” కాస్త దగ్గరికి వచ్చింది.

“వచ్చినప్పుడల్లా ఆవకాయ తెచ్చేవాడివి.” ఇంకా దగ్గరికి.

“సీసా మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించేవాడివి.”

ఇక్కడ ఆగాను. ఖాళీ హార్లిక్స్ సీసా. దాని మూత కింద నలుచదరంగా కత్తిరించిన పాలిథిన్ ముక్క, అంచులు చుట్టూ కుచ్చిళ్ళలా బయటికి వచ్చి ఉండేవి. పైన రెండు రబ్బరు బ్యాండ్లు. బస్సులో మూడు గంటలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. నూనె కారి నా పుస్తకాలు పాడవకూడదని అంత జాగ్రత్త. ఆ వయసులో నాకది తట్టలేదు. మూత తీసి పాలిథిన్ ముక్క అవతల పారేసేదాన్ని.

ఇలాంటిది ఒకటి దొరికితే చాలు, మిగతా పని చేతి పనే. దొరకకపోతే టెన్షన్ పడకండి. రెండు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరగండి. అంట్లు తోముతుంటేనో, బస్సులో కూర్చుంటేనో గుర్తొస్తుంది. అందుకే పండక్కి ముందురోజు రాత్రి మొదలుపెట్టవద్దు, పది రోజులు ముందు మొదలుపెట్టండి.

2. మాటని పిలుపుతో మొదలుపెట్టండి

పాత ఉత్తరాల్లో పెద్దవాళ్ళకి “పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది” అని, చిన్నవాళ్ళకి “చిరంజీవి” అని, పెళ్ళైన ఆడపిల్లకి “చి.ల.సౌ.” అని మొదలుపెట్టేవారు. మీ తాతయ్యకి ఆ పద్ధతి ఇష్టమైతే తప్పకుండా అలాగే రాయండి, ఆయన చదివి మురిసిపోతారు. మిగతావాళ్ళకి మాత్రం ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే రాయడం మంచిది. ఇంట్లో “నువ్వు” అనే బాబాయిని కార్డులో “తమరు” అంటే ఆ కార్డు ఎవరో ఆఫీసువాళ్ళు రాసినట్టు ఉంటుంది. అక్కని “అక్కా” అనే పిలవండి. ఇంట్లో ముద్దుపేరు ఉంటే ఇంకా మేలు.

మన దగ్గర చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని దీవించరు, వాళ్ళ దీవెన అడుగుతారు. కార్డు చివర ఇది గుర్తుంచుకోండి. మేనకోడలికి “చల్లగా ఉండు తల్లీ” అనొచ్చు. బాబాయికి, పిన్నికి మాత్రం “మీ దీవెనలు కావాలి” అనే రాస్తాం. షష్టిపూర్తిలో ఇంకో సంగతి కూడా ఉంది. పుట్టినరోజు బాబాయిదే అయినా ఆ రోజు పీటల మీద కూర్చునేది ఇద్దరూ. పిన్ని మెడలో మళ్ళీ తాళి కడతారు. కాబట్టి కార్డు ఇద్దరికీ చెందాలి. నేను రాసింది ఇది:

“బాబాయ్, హాస్టల్‌కి నువ్వు తెచ్చిన ఆవకాయ సీసా మూత కింద ప్రతిసారీ ఒక పాలిథిన్ ముక్క ఉండేది. మూడు గంటలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడివి. నా పుస్తకాల మీద ఒక్కసారి కూడా నూనె పడలేదు. ఆ మాట నీకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. పిన్నీ, ఆ ఆవకాయ కలిపిన చెయ్యి నీది. మీ ఇద్దరి దీవెనలు నాకు ఎప్పుడూ ఉండాలి.”

ఐదారు వాక్యాలకి మించకండి. అంతకంటే ఎక్కువ చెప్పాలనిపిస్తే ఇంకో కాగితం మీద ఉత్తరం రాసి కార్డులో మడిచి పెట్టండి. రాసింది ఒకసారి పైకి చదువుకోండి. ఎదురుగా ఆ మనిషి ఉంటే అలా అంటారా? అనకపోతే ఆ ముక్క మార్చండి.

3. కాగితం, పనిముట్లు

స్టేషనరీ షాపులో ‘చార్ట్’ అడిగితే చుట్ట చుట్టి ఇస్తారు. అది పలచన, పైగా ఎంత అదిమినా మళ్ళీ చుట్టుకుంటూనే ఉంటుంది. దానికి బదులు ఏ4 సైజులో 220 నుంచి 250 జీఎస్ఎమ్ కార్డు షీట్లు అడగండి. జీఎస్ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. జెరాక్స్ కాగితం 70, 80 దగ్గర ఉంటుంది. 300 దాటితే మడవడం కష్టం. నునుపుగా మెరిసే రకం వద్దు, దానిమీద సిరా తొందరగా ఆరదు. చేత్తో తడిమితే కాస్త గరుకుగా తగిలేది తీసుకోండి.

డబ్బు పెట్టకుండా దొరికే మంచి కాగితం పాత శుభలేఖలు. ప్రతి ఇంట్లోనూ ఒక కట్ట ఉంటుంది. దేవుడి బొమ్మ, పెళ్ళివారి పేర్లు ఉన్న భాగం వదిలేసి ఖాళీగా ఉన్న వెనక వైపు వాడుకోండి. అంచులకి రాసిన పసుపు మరక ఉంటే కత్తిరించేయకండి, మంచి పనికి మొదలుపెట్టిన కార్డుకి అది అందమే.

స్టీలు స్కేలు, కట్టరు, కత్తెర, పెన్సిలు, రబ్బరు, డబుల్ సైడ్ టేపు, గ్లూ స్టిక్ ఉంటే చాలు. వీటితోపాటు సిరా అయిపోయిన బాల్ పెన్ ఒకటి దాచుకోండి. కాగితం అందంగా మడవడానికి దాన్ని మించింది లేదు. కట్టరు కింద వేయడానికి పాత క్యాలెండరు అట్ట సరిపోతుంది.

కార్డులకి ఫెవికాల్ నేను తక్కువ వాడతాను. అందులో నీళ్ళు ఉంటాయి కాబట్టి కాగితం తడిసి ఆరేటప్పుడు అలలు తిరుగుతుంది. తప్పదనుకుంటే పాత విజిటింగ్ కార్డు అంచుతో పలచగా పూసి, పైన తెల్ల కాగితం వేసి, రాత్రంతా లావుపాటి పుస్తకాల కింద పెట్టండి.

4. కత్తిరించడం, మడవడం

ఏ4 షీటు 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 148 x 210 వస్తుంది. ఆ ముక్కని మధ్యకి మడిస్తే 105 వెడల్పు, 148 ఎత్తు ఉన్న కార్డు అవుతుంది. చేతిలో హాయిగా ఇముడుతుంది, ఒక షీటుకి రెండు కార్డులు వస్తాయి.

మడత పగలడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. దానికి రెండు కారణాలు. మొదటిది, కాగితానికి కూడా చెక్కలాగే పోగు ఉంటుంది. షీటుని రెండు అంచులూ పట్టుకుని విరవకుండా మెల్లగా వంచి చూడండి, ఒకసారి పొడవు వైపు, ఒకసారి వెడల్పు వైపు. ఎటు సులువుగా వంగితే పోగు అటు ఉన్నట్టు. మడత ఆ దారిలోనే పడాలి. ఎదురుగా మడిస్తే అంచు గరుకుగా లేస్తుంది. అవసరమైతే షీటుని ఇంకో వైపునుంచి కొలుచుకుని కత్తిరించండి.

రెండో కారణం గీత గీయకుండా మడవడం. 105 మిల్లీమీటర్ల దగ్గర పైనా కిందా పెన్సిలుతో చుక్క పెట్టండి. ఆ చుక్కల మీద స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్ పెన్‌తో గట్టిగా రెండుసార్లు గీయండి. కాగితం మీద సన్నటి గాడి పడుతుంది. ఆ గాడి కార్డుకి బయటి వైపు ఉండేలా మడిచి, చెంచా వెనక భాగంతో మడత పొడవునా రుద్దండి. షాపులో కొన్న కార్డంత సూటిగా వస్తుంది.

5. మాటలోంచి బొమ్మ తీయడం

లోపలి మాటలో ఉన్న వస్తువునే ముందు పేజీకి తెచ్చుకోండి. నా కార్డు మీద సహజంగానే ఆవకాయ సీసా వచ్చింది, దానికి తెరుచుకునే మూత. బొమ్మలు వేయడం రాని వాళ్ళు కూడా చేయొచ్చు, అన్నీ నలుచదరపు ముక్కలే.

సీసాకి: తెల్ల కాగితం మీద 64 మిల్లీమీటర్ల వెడల్పు, 84 ఎత్తు ముక్క కత్తిరించి నాలుగు మూలలూ కాస్త గుండ్రం చేయండి. చుట్టూ 4 మిల్లీమీటర్లు తెల్లగా వదలాలి, అదే గాజు మందం. మధ్యలో ఆవకాయ నింపాలి. మామిడి ముక్కలకి ముదురు ఎరుపు, ఇటుక రంగు కాగితాలు తీసుకుని కత్తెరతో కాకుండా చేత్తో చింపండి. చింపిన అంచున లోపలి తెల్లదనం కాస్త కనిపిస్తుంది, అది అచ్చం టెంక అంచులాగే ఉంటుంది. వాటిని గ్లూ స్టిక్‌తో ఒకదానిమీద ఒకటి అతికించండి. సందుల్లో ఆవపిండికి పసుప్పచ్చ చుక్కలు, పైన 12 మిల్లీమీటర్ల మేర తేలిన నూనె. దానికి నారింజ రంగు ఆయిల్ పేస్టల్ రుద్దితే జిడ్డు మెరుపు దానంతటదే వస్తుంది.

ఆయిల్ పేస్టల్ ఎన్నాళ్ళయినా పూర్తిగా ఆరదు, చేతికి అంటుతుంది. కొత్త చొక్కా కొన్నప్పుడు వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులోంచి సీసా కొలతకి ముక్క కత్తిరించి పైన వేయండి. అంచుల్లో సన్నగా డబుల్ సైడ్ టేపు పెడితే కనిపించదు. రంగు అంటుకోదు, పైగా సీసా నిజంగా గాజుదేమో అనిపిస్తుంది.

మూతకి: 54 వెడల్పు, 40 ఎత్తు ముక్క కత్తిరించి మధ్యలో గాడి గీసి అడ్డంగా మడవండి. మడత పైకి ఉండాలి. వెనక సగం కార్డుకి అతికించండి, ముందు సగం మాత్రం తలుపులా పైకి లేవాలి. లేచే సగానికి లోపలి వైపు ఒక పాలిథిన్ ముక్క డబుల్ సైడ్ టేపుతో అతికించి, అంచు 4 మిల్లీమీటర్లు కిందికి కుచ్చిళ్ళలా కనిపించేట్టు చేయండి. పాలిథిన్‌ని గ్లూ స్టిక్ పట్టదు. మూత ఎత్తితే కనిపించే వెనక సగం మీద సన్నటి పెన్నుతో “నూనె చుక్క కూడా కారలేదు బాబాయ్” అని రాశాను.

సీసా కార్డు అడుగునుంచి 18 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టండి. దానిమీద మూత పోగా పైన 26 మిల్లీమీటర్లు ఖాళీ ఉంటుంది. అక్కడ స్టిక్కరో, మెరుపో పెట్టాలనిపిస్తుంది. వద్దు, ఖాళీగా ఉంచండి.

మీ మాటలో వేరే వస్తువు ఉంటుంది. అమ్మమ్మ కళ్ళజోడు డబ్బా, నాన్న టిఫిన్ క్యారియరు, అన్నయ్య పాత స్కూటరు తాళం, స్నేహితురాలితో పంచుకున్న బస్ పాసు. క్యారియరు అయితే మూడు ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఒక్కో గిన్నె తెరుచుకునేట్టు చేయొచ్చు. తెరిచి చూసే భాగం ఒక్కటుంటే చాలు, పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా నాలుగుసార్లు తెరిచి చూస్తారు.

6. తెలుగు అక్షరానికి చోటు

లోపల రాయడానికి నోట్‌బుక్కు గీతల ఎడం చాలదు. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. గీతలు దగ్గరగా ఉంటే పై వాక్యం ఒత్తులు, కింది వాక్యం గుళ్ళు ఢీకొంటాయి. “అమ్మమ్మ”, “పిన్ని” అని రెండు వరసల్లో రాసి చూడండి, మీకే తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల ఎడంతో పెన్సిలు గీతలు లేతగా గీసుకోండి. 60 దాటినవాళ్ళకైతే 12. నా ఐదారు వాక్యాలకి 12 ఎడంతో లోపల ఒక్క పక్క చాలలేదు. ఎడమ పక్క బాబాయికి, కుడి పక్క చివర పిన్నికి అని సర్దుకున్నాను.

ముందు అంతే కొలత ఉన్న రఫ్ కాగితం మీద మొత్తం రాసి చూసుకోండి. వాక్యం ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. “ఆవకా” ఒక వరసలో, “య” ఇంకో వరసలో పడకుండా చూసుకోవచ్చు.

జెల్ పెన్ నల్లగా, అందంగా ఉంటుంది కానీ ఆరడానికి టైమ్ కావాలి. చెయ్యి కింద కాగితం వేసుకుని రాయండి, రాశాక అరగంట తెరిచి ఉంచండి. ఆ తర్వాతే పెన్సిలు గీతలు చెరపాలి. నేను ఒకసారి తొందరపడి వెంటనే రబ్బరు పెట్టాను, పేజీ అంతా బూడిద రంగు పులుముకుపోయి మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది. చిన్న తప్పు పడితే వైట్‌నర్ పూయకండి. ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాయండి. చేతిరాత బాగుండదని టైపు చేసి ప్రింటు తీసి అతికించేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీ వంకర అక్షరాలు వాళ్ళకి తెలుసు, వాటిని చూడగానే మీరే వచ్చినట్టు ఉంటుంది.

7. బొమ్మ తట్టనప్పుడు

కొన్ని మాటల్లో వస్తువు ఉండదు. అలాంటప్పుడు నాకు ఎక్కువగా ఆదుకునేది ముగ్గు. ఇటుక రంగు కార్డు తీసుకోండి, జాజు అలికిన అరుగులా ఉంటుంది. దానిమీద తెల్ల జెల్ పెన్. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు, అంటే వరసగా 4, 5, 6, 7, 6, 5, 4. చుక్కకి చుక్కకి 12 మిల్లీమీటర్లు. 7 చుక్కల వరస 72 మిల్లీమీటర్లలో పడుతుంది, 105 వెడల్పు కార్డు మీద చక్కగా ఇముడుతుంది. అమ్మ వాకిట్లో ఎప్పుడూ వేసే ముగ్గు గుర్తుంటే అదే వేసి అమ్మకి ఇవ్వండి. సంక్రాంతి కార్డుకి దీన్ని మించింది నాకు తెలియదు.

బెండకాయ అచ్చు పిల్లలకి బాగా నచ్చుతుంది. తొడిమ వైపు అడ్డంగా కోస్తే కోణాల పువ్వు ఆకారం వస్తుంది. కోసిన వెంటనే అద్దితే జిగురు వల్ల రంగు జారిపోతుంది. కోసిన వైపు పాత పేపరు మీద పది నిమిషాలు బోర్లించి ఉంచండి. పోస్టర్ కలర్‌లో నీళ్ళు కలపకుండా స్పాంజితో పలచగా అద్ది, కార్డు మీద నొక్కి నిటారుగా ఎత్తండి. బంగాళాదుంప మీద ఆకారం చెక్కినా ఇదే పద్ధతి. అక్షరాలు చెక్కేటప్పుడు మాత్రం తిరగేసి చెక్కాలి, లేకపోతే అద్దంలో చూసినట్టు పడతాయి.

పూలు పెట్టాలనుకుంటే ఎంపిక ముఖ్యం. కాగితం పువ్వు పేరుకి తగ్గట్టే దాదాపు ఎండినట్టే ఉంటుంది, రంగు కూడా నిలుస్తుంది. గునుగు కూడా అంతే, బతుకమ్మ పండగ రోజుల్లో పంపే కార్డుకి గునుగు, తంగేడు కన్నా తగినవి ఏముంటాయి! మందారం మాత్రం వద్దు, నీరు ఎక్కువ, నల్లబడి కాగితానికి అంటుకుపోతుంది. బంతి, గులాబీ అయితే రెక్కలు విడదీసి ఎండబెట్టాలి. పాత న్యూస్‌పేపర్ల మధ్య పూలు ఒకదానికొకటి తగలకుండా పరిచి పైన బరువు పెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు రోజూ పేపరు మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. వారం పది రోజుల్లో పెళపెళలాడతాయి. వానాకాలంలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

పూసలు, కుందన్లు పోస్టులో వెళ్ళే కార్డుకి పెట్టకండి. కట్టలో ఒత్తుకుని లోపలి పేజీకి గుంటలు పడతాయి.

8. పిల్లలు చేసే కార్డులు

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, బెంగళూరులోనో పెరుగుతున్న పిల్లలకి మాట్లాడటం వచ్చినా చాలామందికి తెలుగు రాయడం రాదు. తాతయ్యకి, నానమ్మకి వాళ్ళచేత కార్డు చేయించాలనుకుంటే మొత్తం మీరు రాసేసి చివర పిల్లవాడి పేరు ఇంగ్లీషులో పెట్టించకండి. ఒక్క మాట వాళ్ళ చేత తెలుగులో రాయించండి. మీరు పెద్ద అక్షరాలతో “నానమ్మా” అని ముదురుగా రాసి కిటికీ అద్దానికి అతికించండి. దానిమీద కార్డు కాగితం పెడితే పగటి వెలుగులో అక్షరాలు కనిపిస్తాయి, పిల్లలు వాటిమీద దిద్దుతారు. దీనికి మాత్రం జెరాక్స్ కాగితంలాంటి పలచటిది వాడి, తర్వాత కార్డులో అతికించాలి. ‘న’కి దీర్ఘం పక్కకి పోయినా, ‘మ్మ’ ఒత్తు ఎక్కడో పడినా సరిదిద్దకండి. ఏం చెప్పాలో కూడా వాళ్ళనే అడగండి. “నువ్వు వీడియో కాల్‌లో ఎప్పుడూ నుదురు మాత్రమే చూపిస్తావు” అని ఒక పిల్ల చెబితే అలాగే రాయించారు మా స్నేహితులు. ఆ నానమ్మ ఆ కార్డు ఊరంతా చూపించింది.

9. బాధలో ఉన్న ఇంటికి

దీన్ని చాలామంది వదిలేస్తారు, ఏం రాయాలో తెలియక. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఫోన్లు, మెసేజ్‌లు మొదటి వారమే వస్తాయి. నెల రోజుల తర్వాత వచ్చే కార్డుకి చాలా విలువ ఉంటుంది. ఇందులో రంగులు, తెరుచుకునే బొమ్మలు వద్దు. తెల్లటి కార్డు చాలు. “ధైర్యంగా ఉండండి”, “అంతా మన మంచికే” అని రాయకండి. పోయిన మనిషి గురించి మీకు గుర్తున్న ఒక్క సంగతి రాయండి, వాళ్ళింట్లోవాళ్ళకి తెలియనిదైతే మరీ మంచిది. “మాస్టారు నాకు లెక్కల పరీక్ష రోజు తన పెన్ను ఇచ్చారు. మళ్ళీ అడగలేదు. అది ఇంకా నా దగ్గర ఉంది.” ఇంతే. కొత్తగా ఒక జ్ఞాపకం వాళ్ళ చేతికి వస్తుంది.

10. కవరు, చిరునామా, పోస్టు

105 x 148 కార్డుకి కవరు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ4 కాగితంలో మిగులు కత్తిరించి 210 x 210 చదరం చేయండి. బ్రౌన్ పేపరు గానీ పాత క్యాలెండరు షీటు గానీ బాగుంటుంది, తేదీల వైపు లోపలికి పెట్టుకోండి. చదరాన్ని మూల పైకి వచ్చేట్టు తిప్పి, మధ్యలో కార్డుని అడ్డంగా పెట్టండి. ఎడమ, కుడి మూలలు లోపలికి మడవండి. కార్డుకి ఆనించి బిగుతుగా కాకుండా రెండు మూడు మిల్లీమీటర్లు వదులు ఇవ్వండి. ఆ రెండు మొనలూ ఒకదానికొకటి తగలవు, సందు ఉంటుంది, కంగారు పడకండి. కింది మూల పైకి మడిస్తే వాటిని కప్పేస్తుంది. దాన్ని గ్లూ స్టిక్‌తో అతికించి, కార్డు పెట్టి, పై మూల మూయండి. మడతల దగ్గర మూలల్లో మిగిలిన చిన్న త్రికోణాలు కత్తిరిస్తే కవరు చదునుగా ఉంటుంది.

బరువు లెక్క చూద్దాం. 240 జీఎస్ఎమ్ ఏ4 షీటు 15 గ్రాములు. మన కార్డు అందులో సగం, ఏడున్నర. కవరు మూడున్నర. సీసా, మూత, టేపు కలిపినా మామూలు ఉత్తరానికి ఉన్న మొదటి 20 గ్రాముల లోపే ఉంటుంది. అయినా ఒకసారి పోస్టాఫీసులో తూకం వేయించుకుని స్టాంపు అంటించండి. తక్కువ స్టాంపు అంటిస్తే అందుకునేవాళ్ళ దగ్గర డబ్బు అడుగుతారు, శుభమా అని కార్డు పంపి వాళ్ళచేత కట్టించడం బాగుండదు. ఖచ్చితంగా చేరాలంటే స్పీడ్ పోస్టు. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో అందులోనే కలిపేశారు.

చిరునామాలో ఆరు అంకెల పిన్ కోడ్ తప్పకుండా రాయండి, అంకెలు విడివిడిగా, పెద్దగా. రాష్ట్రం దాటి వెళ్ళేదైతే ఊరు, జిల్లా పేర్లు ఇంగ్లీషులో కూడా రాయండి. మనిషి పేరు మాత్రం తెలుగులో రాయండి, అందుకోగానే వాళ్ళు ముందు చూసేది అదే.

కార్డు వెనక కింది మూలలో చిన్నగా తేదీ, ఊరు రాయడం మరిచిపోవద్దు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా బీరువాలోంచి తీస్తే ఎప్పటిదో తెలియాలి. షష్టిపూర్తి కార్డుకైతే సంవత్సరం పేరు కూడా వేస్తాను. 1966 ఉగాదికి మొదలైనది పరాభవ నామ సంవత్సరం, 60 ఏళ్ళు తిరిగి 2026 మార్చి 19 ఉగాదికి అదే పేరు మళ్ళీ వచ్చింది. మా బాబాయి పుట్టింది ఆ ఏడాదే. పరాభవం అంటే అవమానం, ఆ అర్థం పెద్దవాళ్ళలో కొందరికి నచ్చదు కాబట్టి ముందు పేజీ మీద వేయలేదు, వెనక తేదీ పక్కన వేశాను: “పరాభవ నుంచి పరాభవకి.”

కవరు మూసేముందు మూత ఒకసారి ఎత్తి చూడండి, టేపు ఎక్కడైనా అంటుకుని ఉంటే ఇప్పుడే విడిపించాలి. పోస్టు డబ్బా మీద ఎన్ని గంటలకి ఉత్తరాలు తీస్తారో రాసి ఉంటుంది. ఆ టైముకి ముందే వెళ్ళి వేసి రండి.